రీకన్సిడర్ పక్కన ఇంకో వాక్యం ఉండాలి

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ దగ్గర జెరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ చేసిన ఒక నోట్సు దొరుకుతుంది. ఎవరు రాసినారో పేరు ఉండదు. బ్యాంకు ఎగ్జాములకి ప్రిపేరయ్యే పిల్లల నుంచి లాడ్జి రిసెప్షన్లో పనిచేసే పిల్లల దాకా అందరి చేతుల్లో అదే. ఒక్కో ఇంగ్లీష్ వెర్బ్‌కి పది పన్నెండు వాక్యాలు ఉంటాయి, వాటిని బట్టీ పట్టుకుని నా దగ్గరికి స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకి వస్తారు. మొన్న సాయంత్రం ఒకబ్బాయి అందులో రీకన్సిడర్, అంటే మళ్లీ ఆలోచించడం, అనే పేజీ నా ముందు పెట్టి, "మేడం ఇది మొత్తం వచ్చేసింది నాకు, వినండి" అని గడగడా అప్పజెప్పినాడు. కమిటీ ప్రపోజల్‌ని రీకన్సిడర్ చేయాలని నిర్ణయించింది, గవర్నమెంటు తన పాలసీని రీకన్సిడర్ చేస్తోంది, బోర్డు తన స్టాండుని రీకన్సిడర్ చేసే అవకాశం లేదు, ఇట్లా. అన్నీ ఇంగ్లీషులోనే, ఒక్క తప్పు లేదు, ఒక్క చోట తడబడలేదు. "బాగుంది నాయనా, మీ ఇంట్లో ఎవరన్నా ఎప్పుడన్నా ఏదన్నా రీకన్సిడర్ చేసినారా, దాని మీద ఒక వాక్యం చెప్పు" అన్నా. గమ్మున నిలబడిపోయినాడు. కాసేపాగి "మా ఇంట్లో కమిటీ లేదు కదా మేడం" అన్నాడు.

క్లాసంతా నవ్వింది గానీ వాడు జోకు వేయలేదు. వాడు చదివిన వాక్యాలన్నిట్లో రీకన్సిడర్ చేసేది లెటర్‌హెడ్డూ రబ్బరు స్టాంపూ ఉన్నోళ్లే. వాళ్ల నాయనో, వాళ్ల అక్కో, వాడో చేసే పని అది అని ఆ పేజీలో యాడా లేదు.

నేను చెప్పేది ఏందంటే, ఈ వెర్బ్‌ని ఒక్క వాక్యంలో పెట్టి నేర్పించడం కుదరదు. తినడం, నడవడం, రాయడం లాంటివి ఒక్క వాక్యంలో ఇమిడిపోతాయి, ఎవరో అన్నం తిన్నారు, అయిపోయింది. రీకన్సిడర్‌కి ముందే ఒక నిర్ణయం జరిగిపోయుండాలి, ఆ తర్వాత ఏదో ఒకటి మారుండాలి. ఆ మారిందేందో చెప్పే ఇంకో వాక్యం పక్కన లేకపోతే పిల్లలు మాట్లాడేది ఇంగ్లీషే గానీ ఎదుటోళ్ల చెవికి అది ఉత్త బతిమాలుకోవడంగానే వినపడుతుంది. నాలాగే క్లాసులు చెప్పే ఒక స్నేహితురాలు దీన్ని అస్సలు ఒప్పుకోదు. ఆమె వాదన కూడా కింద రాస్తా, ఎందుకంటే అందులో సగం నిజమే.

కన్సిడర్ చేయండి సార్

మన కాలేజీల్లో ఆఫీసుల్లో "కన్సిడర్ చేయండి సార్" అంటే ఏందో మీకు చెప్పక్కర్లేదు. అటెండెన్స్ తగ్గినోడు అంటాడు, ఫీజు లేటుగా కట్టేటోడు అంటాడు, హాస్టల్ సీటు కావాల్సినోడు అంటాడు. ఆలోచించండి అని కాదు, ఇచ్చేయండి అని. సారు నిజంగానే కాగితం ముందేసుకుని నిదానంగా ఆలోచించి "కుదరదు నాయనా" అన్నాడనుకోండి, ఇంగ్లీష్ ప్రకారం ఆయన కన్సిడర్ చేసినట్టే, మనోడి లెక్కలో మాత్రం "సారు కన్సిడర్ చేయలేదు". ఇక దీనికి ముందు రీ తగిలిస్తే, పోయినసారి కాదన్నారు, ఈసారన్నా అవుననండి అని అర్థమైపోయింది.

ఇది తప్పని నేను అనను. ఇంకో భాష నుంచి వచ్చిన మాట మన దగ్గర మన పనికి తగ్గట్టు మారుతుంది, మారనీ. ఇబ్బంది యాడొస్తుందంటే, ఇదే పిల్లలు రేపు చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఫోన్ చేసే హెచ్‌ఆర్‌తో మాట్లాడేటప్పుడు, వీళ్లు ఒక అర్థంతో అంటారు, అవతలోళ్లు ఇంకో అర్థంతో వింటారు.

గ్రామర్ సంగతి కూడా ఒక మాట చెప్పేస్తా, అది పెద్ద కథ కాదు. మనోళ్లు రీకన్సిడర్ తర్వాత అబౌట్ పెడతారు. ఎందుకు పెడతారో తెలుసుకుంటే మానడం తేలిక, మనం తెలుగులో దాని గురించి ఆలోచిస్తాం కదా, ఆ గురించి వచ్చి ఇంగ్లీషులో అబౌట్ అయి కూర్చుంటుంది. థింక్‌కి అబౌట్ కావాలి, కన్సిడర్‌కి అక్కర్లేదు. డిస్కస్ అబౌట్ అనడం కూడా ఇదే జబ్బు. ఇంకోటి, రీకన్సిడర్ టు సెల్ అనరు, రీకన్సిడర్ సెల్లింగ్ అంటారు, వెనకొచ్చే పనికి ఇంగ్ తగిలించాల. రీకన్సిడర్ ఎగైన్ అని రాసేవాళ్లు కూడా ఉన్నారు, రీ అన్నప్పుడే మళ్లీ అని వచ్చేసింది, ఇంకా ఎగైన్ ఎందుకు, మూడోసారి అడగబోతున్నప్పుడు పెట్టుకోవచ్చులే అని చెప్తా. ఈ పనంతా ఆ జెరాక్స్ నోట్సు బానే చేస్తుంది, దాంతో నాకు పేచీ లేదు.

మా క్లాసులో ఈ మాటని రెండో వైపు నుంచి వినేవాడు ఒక్కడే ఉన్నాడు, బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో నైట్ డ్యూటీ రిసెప్షన్ చేస్తాడు. మిగతా పిల్లలంతా పైవాళ్లని అడిగేవాళ్లే, వీడి దగ్గరికి మాత్రం వేరే రాష్ట్రాల నుంచి దర్శనానికి వచ్చే జనాలు రూము క్యాన్సిల్ చేసుకుని డబ్బులు వాపసు ఇమ్మని అడుగుతా ఉంటారు. "సార్ ప్లీజ్ రీకన్సిడర్ అంటారు మేడం, నేను నో సార్ రూల్ సార్ అంటాను, వాళ్లకి కోపం వస్తుంది. నిజానికి నేను లోపలికి పోయి మేనేజర్‌ని అడిగే వస్తాను, ఆయన కుదరదంటాడు. అడిగినాను అని ఎట్లా చెప్పాల?" అన్నాడు. ఈ ప్రశ్న ఏ నోట్సులోనూ లేదు. వీ రీకన్సిడర్డ్ యువర్ రిక్వెస్ట్ సార్ అని మొదలుపెట్టి, క్యాన్సిల్ చేసే టైము నిన్ననే అయిపోయింది కాబట్టి జవాబు ఇంకా నో అనే అని చెప్పే రెండో వాక్యం క్లాసంతా కలిసి తయారుచేసినాం. ఒకమ్మాయి వెంటనే లేచింది. "నో అన్నాక రీకన్సిడర్డ్ అని ఎట్లా అంటారు మేడం, అది అబద్ధం కదా" అని.

మళ్లీ ఆలోచించి మళ్లీ అదే అంటే

ఈ అనుమానం ఒక్క ఆ అమ్మాయిది కాదు, క్లాసులో ముక్కాలు మందిది. రీకన్సిడర్ అంటే మనసు మార్చుకోవడమే అని గట్టిగా పాతుకుపోయింది. మళ్లీ చూడటం వేరే, చూసినాక మారడం వేరే అంటే ఒట్టి మాటల గారడీ అనుకుంటారు. నేనెంత చెప్పినా వినకపోయేవాళ్లేమో గానీ గ్రూప్ 2కి చదివే ఒకబ్బాయి పాలిటీ నుంచి ఎత్తుకొచ్చి పెట్టినాడు.

రాజ్యాంగం ఆర్టికల్ 74లో ఉంది మేడం ఈ మాట అన్నాడు. మంత్రివర్గం ఇచ్చిన సలహాని మళ్లీ ఒకసారి ఆలోచించమని రాష్ట్రపతి వెనక్కి పంపొచ్చు, కానీ మళ్లీ ఆలోచించి వాళ్లు ఏది చెప్తే దాని ప్రకారమే నడుచుకోవాల. 1978లో 44వ సవరణతో వచ్చింది ఇది, ఇంగ్లీష్ పాఠంలో ఉన్నది అచ్చంగా రీకన్సిడర్ అనే మాటే. బిల్లులకైతే ఆర్టికల్ 111, మనీ బిల్లు కాకపోతే రీకన్సిడర్ చేయమని రాష్ట్రపతి వెనక్కి పంపొచ్చు, పార్లమెంటు మళ్లీ పాస్ చేసి పంపితే ఇక సంతకం ఆపేదానికి లేదు.

మరి ఎప్పుడన్నా జరిగిందా అంటే రెండు రకాలుగానూ జరిగింది. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టాలని గుజ్రాల్ మంత్రివర్గం సిఫార్సు చేస్తే అప్పటి రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ మళ్లీ ఆలోచించమని వెనక్కి పంపినాడు, వాళ్లు ఆలోచించి ఆ మాటే వదిలేసినారు. 2006లో అబ్దుల్ కలాం ఆఫీస్ ఆఫ్ ప్రాఫిట్ బిల్లుని, అదే ఎంపీలు ఏ లాభదాయక పదవుల్లో ఉండొచ్చో చెప్పే బిల్లుని, మే నెలలో తిప్పి పంపితే పార్లమెంటు ఏమీ మార్చకుండా మళ్లీ పాస్ చేసి పంపింది, ఆగస్టులో ఆయన సంతకం పెట్టినాడు. ఇప్పుడు చెప్పండి, 2006లో పార్లమెంటు రీకన్సిడర్ చేసిందా లేదా?

క్లాసు రెండుగా చీలిపోయింది. చేసింది, రూలు ప్రకారం మళ్లీ చర్చ పెట్టి మళ్లీ ఓటేసినారు కదా అని కొందరు. చేయలేదు, ఊరికే అదే కాగితం మళ్లీ పంపితే దాన్ని ఆలోచించడం అంటారా అని కొందరు. నాకైతే రెండో గుంపు పిల్లలే నచ్చినారు, జవాబు కరెక్టని కాదు, ఆ వెర్బ్ లోపల ఏముండాలో వాళ్లు వెతికినారు.

దీనికి ఎదురు ఉదాహరణ మన ఊరి దగ్గరే ఉంది. 2020లో చేసిన మూడు రాజధానుల చట్టాన్ని అదే ప్రభుత్వం 2021 నవంబరులో రద్దు చేసింది. అప్పటికి అమరావతి రైతుల పాదయాత్ర తిరుపతి దారిలో ఉంది, డిసెంబరులో అలిపిరికి వచ్చి ముగిసింది, ఈ పిల్లల్లో కొందరు రోడ్డు మీద నిలబడి చూసినోళ్లే. రద్దు చేసేటప్పుడే, ఇంకా మెరుగైన బిల్లుతో మళ్లీ వస్తాం అని కూడా చెప్పినారు. చట్టం పోయిందే గానీ మనసు మారినట్టు ఎవరూ చెప్పలేదు. కాబట్టి దీనికి రిపీల్ అనో విత్‌డ్రా అనో రాయాల, రీకన్సిడర్ అని రాస్తే ఎక్కువ చెప్పినట్టు. కలాం బిల్లు సంగతిలో మళ్లీ చూసినారు, ఏమీ మారలేదు. ఇక్కడ కాగితం మారింది, ఆలోచన మారిందో లేదో మాత్రం ఆ కాగితం చెప్పలేదు. రాజకీయాల్లో ఎవరు కరెక్టు అనేది నేను క్లాసులోకి రానివ్వను, అది మొదలైతే ఆ సాయంత్రం ఇంగ్లీష్ ఉండదు.

ఆ రాత్రి హోమ్‌వర్కులో ఒకడు వాళ్ల నాయన్ని బైకు అడిగిన సంగతి రాసినాడు. మై ఫాదర్ రీకన్సిడర్డ్ అండ్ సెడ్ నో ఎగైన్. ఎగైన్ ఇక్కడ సరిగ్గా పడింది, నోకి తగిలింది. ఫుల్ మార్కులు.

ఏం మారింది అని అడిగితే

నాకు ఈ రెండో వాక్యం పిచ్చి పట్టించింది ఒకమ్మాయి, పుత్తూరు వైపు నుంచి వచ్చేది. శ్రీసిటీలో ఒక కంపెనీకి అప్లై చేసుకుంది, ఫారంలో నైట్ షిఫ్టులు కుదరవు అని టిక్కు పెట్టింది, వాళ్లు వద్దన్నారు. కొన్నాళ్లకి ఆమె నోట్సులో ఉన్న వాక్యం యథాతథంగా ఎక్కించి ఒక మెయిల్ పెట్టింది, ఐ రిక్వెస్ట్ యూ టు రీకన్సిడర్ మై అప్లికేషన్ అని. తప్పుల్లేని మెయిల్. ఫోన్ కూడా వచ్చింది. ఇక్కడిదాకా బట్టీ పట్టిన వాక్యం తన పని తాను చేసింది, అది ఒప్పుకోవాల్సిందే.

ఫోన్లో అవతలాయన అడిగింది ఒకే ప్రశ్న, అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది అని. ఈ అమ్మాయి "ప్లీజ్ సార్" అనింది. ఆయన మళ్లీ అడిగినాడు. ఈమె "ఐ యామ్ హార్డ్ వర్కింగ్ సార్" అనింది. ఆయన సరేమ్మా చూస్తాం అని పెట్టేసినాడు.

నిజానికి మారింది. వాళ్ల అక్కకి సూళ్లూరుపేటకి ట్రాన్స్‌ఫర్ అయ్యింది, ఆమె దగ్గర ఉంటే శ్రీసిటీ దగ్గరే, రాత్రి డ్యూటీకి కూడా పోయిరావచ్చు, ఇంట్లో కూడా ఒప్పుకున్నారు. ఆ మెయిల్ పెట్టిందే అందుకు. మరి ఆ మాట ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "అది సొంత విషయం కదా మేడం, ఆఫీసోళ్లకి ఎందుకు అనుకున్నా" అనింది. ఆమెకి ఇంగ్లీష్ రాక కాదు. మై సిస్టర్ అని మొదలుపెట్టి నాలుగు ముక్కలు చెప్పగలదు, క్లాసులో రోజూ చెప్పేది. రీకన్సిడర్ అనే పెద్ద మాట పక్కన అక్క, సూళ్లూరుపేట లాంటి చిన్న విషయాలు పెట్టకూడదేమో అనుకుంది. కమిటీలూ బోర్డులూ ఉన్న ఆ పేజీ ఆమెకి నేర్పించింది అదే.

దీని గురించి చెప్తా ఉంటే లా చదివే ఒకబ్బాయి, కోర్టులో కూడా ఇంతే మేడం అన్నాడు. తీర్పు ఇచ్చిన కోర్టునే మళ్లీ చూడమని రివ్యూ వేసుకోవచ్చు, సుప్రీంకోర్టుకి ఆర్టికల్ 137 కింద ఆ అధికారం ఉంది, సివిల్ కేసులకి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 47 ఉంది. కానీ తీర్పు నచ్చలేదు అంటే కుదరదు. ఎంత జాగ్రత్తగా వెతికినా అప్పట్లో దొరకని కొత్త సాక్ష్యం ఇప్పుడు దొరికుండాల, లేదా రికార్డు చూస్తేనే కనపడే తప్పు ఉండాల, లేదా అంత బలమైన ఇంకేదన్నా కారణం ఉండాల. నాకు ఇది భలే నచ్చింది. ఏం మారింది అనే ప్రశ్నకి జవాబు లేకుండా వస్తే కోర్టు కూడా పొమ్మంటుంది, హెచ్‌ఆర్ ఎంత.

మాట మీద నిలబడేవాళ్లు

ఇప్పుడు అసలు చిక్కు. ఒక పెద్దాయన, ఆర్టీసీలో పనిచేసి రిటైర్ అయినాడు, కూతురు ఫీజు కట్టేదానికి వచ్చి వెనక బెంచీలో కూర్చుని క్లాసంతా విన్నాడు. అయిపోయినాక దగ్గరికొచ్చి, "ఏమ్మా, మాట మార్చేదానికి ఇంగ్లీషులో ఒక మంచి పేరు పెట్టి పిల్లోళ్లకి నేర్పిస్తా ఉండావే" అన్నాడు. నవ్వుతానే అన్నాడు గానీ ఊరికే అన్లేదు.

ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోలేను. కాణిపాకం మన పక్కనే ఉంది. వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేసి అబద్ధం ఆడితే ఆయన ఊరుకోడని ఈ పక్క ఎంతమంది నమ్ముతారో, తాగుడు మానేస్తానని అక్కడ ఒట్టేసి మానేసినోళ్లు ఊరూరా ఉన్నారు. మన లీడర్లు కూడా తిట్టుకుని తిట్టుకుని చివరికి కాణిపాకంలో ప్రమాణం చేద్దాం రా అని సవాలు విసురుకుంటారు. ఒట్టు బలమంతా దాన్ని మళ్లీ ఆలోచించేదానికి లేకపోవడంలోనే ఉంది. తాగుడు మానేస్తానని ఒట్టేసినోడు సంక్రాంతికి రీకన్సిడర్ చేస్తే ఇంక దేనికి అది.

పెద్దాయన తన సంగతే ఒకటి చెప్పినాడు. ఊర్లో కొంచెం నేలని పక్కచేను ఆయనకి ఇస్తానని నోటిమాటగా అన్నాడంట, కాగితం లేదు, అడ్వాన్సు లేదు. తర్వాత బయటోళ్లు జాస్తి రేటుకి వచ్చినారు. ఇంట్లో అందరూ మళ్లీ ఆలోచించమన్నారు. ఈయన ఆలోచించలేదు, పక్కచేను ఆయనకే ఇచ్చేసినాడు. "నీ లెక్కలో నేను రీకన్సిడర్ చేసుండాల కదమ్మా" అన్నాడు.

నేను దీని గురించి చానా సేపు ఆలోచించినా. ఆయన చెప్పింది నా వాదనకి ఎదురు కాదు అనిపించింది, దాన్ని ఇంకొంచెం గట్టి చేసింది. రెండో వాక్యం చెప్పమంటే ఆ నేల విషయంలో ఏమని చెప్పాల? ఇంకొకరు ఎక్కువ డబ్బులిస్తామన్నారు అని. పక్కచేను ఆయన ముఖం చూసి ఆ వాక్యం అనగలడా ఈయన? అనలేడు, అందుకే రీకన్సిడర్ చేయలేదు. అదే ఆ నేలలో బోరు ఎండిపోయిందనో, కూతురి ఆపరేషన్‌కి డబ్బులు అర్జంటుగా కావాల్సి వచ్చిందనో అయ్యుంటే, పోయి ఎదురుగా కూర్చుని చెప్పుండేవాడు, ఆయనా వినుండేవాడు. రెండో వాక్యాన్ని పైకి అనగలిగితే అది మళ్లీ ఆలోచించడం, అనేదానికి సిగ్గేస్తే అది మాట మార్చడమే, ఇంగ్లీషులో ఏ పేరు పెట్టినా సరే. పెద్దాయనకి ఈ మాట చెప్తే, "సిగ్గు లేనోడి సంగతేంది మరి" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. సిగ్గు లేనోడు ఏ వాక్యమైనా అనగలడు.

నేను అనే మాటతో మొదలుపెట్టమంటే

ఐ రీకన్సిడర్డ్ అని మొదలుపెట్టి రెండు వాక్యాలు రాయమని ఒకరోజు ఇచ్చినా. ప్లీజ్ రీకన్సిడర్ అంటే పరుగెత్తే పెన్నులు అక్కడ ఆగిపోయినాయి. మేం ఎవరితో అంటాం మేడం ఈ మాట, మేం నిర్ణయాలు తీసుకుంటే కదా అని ఒకమ్మాయి అనింది. అది కూడా నిజమే, ఏ గ్రూపు తీసుకోవాలి, ఏ కాలేజీలో చేరాలి అనేవి ఇంట్లో పెద్దవాళ్లు తేల్చేస్తారు. అయితే ఇంట్లోవాళ్ల గురించి రాయండి అన్నా.

బంగారుపాళ్యం దగ్గర నుంచి వచ్చే ఒకబ్బాయి మామిడి తోట గురించి రాసినాడు. వాళ్లవి బెంగళూరా చెట్లు, అదే తోతాపురి. 2025 సీజన్లో రేటు ఎట్లా పడిపోయిందో మన పక్క తెలియనోళ్లు లేరు, ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, గవర్నమెంటు 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటించాల్సి వచ్చింది. వీడి మొదటి వాక్యం, మై ఫాదర్ ఈజ్ రీకన్సిడరింగ్ మ్యాంగో. మ్యాంగోని ఎట్లా రీకన్సిడర్ చేస్తార్రా, గ్రోయింగ్ మ్యాంగోస్ అనాల అని పక్కోడే దిద్దినాడు. రెండో వాక్యం, ది రేట్ ఫెల్. బానే ఉంది అనుకుని నేను ముందుకి పోబోతే వెనక నుంచి ఒకమ్మాయి, "రేటు ఇంతకుముందు కూడా పడింది కదా, అప్పుడు కొట్టేయలేదే, ఇప్పుడే ఎందుకు?" అని అడిగింది. వాడు కొంచెంసేపు పెన్ను తిప్పుకుంటా కూర్చుని, ఆ చెట్లు పెట్టింది మా తాత, ఆయన ఉన్నన్నాళ్లూ చెట్టు మీద గొడ్డలి పెట్టనియ్యలేదు, ఆయన పోయినాడు అన్నాడు. రాయి మరి దాన్నే అన్నా. మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ నాట్ దేర్ నౌ అని రాసినాడు. ఇంగ్లీష్ టీచరుగా దాన్ని ఇంకొంచెం దిద్దొచ్చు, దిద్దలేదు.

రేటు అనేది పేపర్లో చదివినా తెలిసే కారణం. రెండోసారి గట్టిగా అడిగితేనే అసలుది బయటకొచ్చింది.

స్నేహితురాలి వాదన

నా స్నేహితురాలు రేణిగుంట రోడ్డులో కోచింగ్ సెంటర్లో చెప్తుంది, నాకంటే ఎక్కువ మంది పిల్లలు. ఇదంతా చెప్తే ఆమె, "నీకు టైము ఉందే తల్లీ, నాకు వారానికి నలభై వెర్బులు అయిపోవాల" అనింది. ఎగ్జాము పేపర్లో ఈ కింది మాటల్ని సొంత వాక్యాల్లో వాడండి అని అడుగుతారు, ఒక్క వాక్యానికి మార్కు ఉంది, రెండోదానికి లేదు. కమిటీ ప్రపోజల్ అని రాసి వస్తే మార్కు పడుతుంది, తాత మామిడి చెట్లు అని రాస్తే దిద్దే ఆయన మూడ్‌ని బట్టి.

ఇంకోటి కూడా అనింది, అది నాకు ఎక్కువ తగిలింది. నోరే తెరవని పిల్లకి బట్టీ పట్టిన వాక్యం ఒక్కటి ఉంటే ధైర్యంగా లేచి నిలబడుతుంది, నువ్వు ముందే వెళ్లి ఏం మారింది అని అడిగితే ఆ పిల్ల మళ్లీ రాదు అని. నిజం. నా క్లాసులోనే జరిగింది. ఒకమ్మాయి, మై పేరెంట్స్ ఆర్ రీకన్సిడరింగ్ ది మ్యాచ్ అని రాసి, రెండో వాక్యం దగ్గర ఆపేసింది. ఎందుకు ఆపిందో క్లాసులో అందరికీ అర్థమైంది, సంబంధాలు యాడ చెడిపోతాయో తెలియనిదెవరికి. అడగలేదు నేను. అప్పటినుంచి రెండో వాక్యం కల్పించి రాసినా పర్వాలేదు అని ముందే చెప్తున్నా. కల్పించింది కూడా ఆ మొదటి వాక్యానికి అతకాల, అంతే. వాళ్ల సొంత బతుకుని నోటుబుక్కులో పరచమని అడిగే హక్కు నాకు లేదు.

కానీ నలభై వెర్బుల లెక్క మాత్రం నేను ఒప్పుకోను. ఆ నలభైలో రిలెంట్, రిట్రాక్ట్, రివోక్, బ్యాక్ అవుట్ అన్నీ ఉంటాయి, అన్నిటికీ పక్కన మనసు మార్చుకొను అనే రాసుంటుంది. ముందు గట్టిగా కాదన్నోడు మెత్తబడితే రిలెంట్. అన్న మాటని నేనది అన్లేదనుకోండి అని వెనక్కి తీసుకుంటే రిట్రాక్ట్. అధికారం ఉన్నోడు ఇచ్చినదాన్ని రద్దు చేస్తే రివోక్. వస్తానని చెప్పి చివర్లో ఎగ్గొడితే బ్యాక్ అవుట్. పిల్లోడు వీటన్నిటికీ కమిటీ అనే ఒకే కర్తని పెట్టి, అతికితే అతుకుతుంది లేకపోతే లేదు అని రాసుకుపోతాడు. వాళ్ల నాయన బైకు విషయంలో నెల తర్వాత సరే అన్నాడనుకోండి, అది రిలెంట్. ఆ రెండు మాటలూ ఆ ఇంట్లోనే దొరుకుతాయి, బోర్డు మీటింగ్ దాకా పోవక్కర్లేదు.

చివరికి మేమిద్దరం తేల్చుకుంది ఏమీ లేదు. ఆమె నోట్సు ఆమెది. నేను మాత్రం పిల్లల్ని రెండు వరుసలు చేసినా. ఎగ్జాము రాసేవాళ్లు ఒక్క వాక్యం రాసి పోవచ్చు, కమిటీ అయినా సరే, మార్కు ముఖ్యం వాళ్లకి. ఇంటర్వ్యూలకి పోయేవాళ్లు రీకన్సిడర్ అని అన్నాక, ఏం మారిందో కూడా ఒక వాక్యంలో చెప్పిన తర్వాతే కూర్చోవాల. పుత్తూరు అమ్మాయి ఇప్పుడు ఈ రెండో వరుసలో ఉంది, ఇంకో కంపెనీకి అప్లై చేసింది, మై సిస్టర్ లివ్స్ ఇన్ సూళ్లూరుపేట అని మెయిల్‌లో మొదటి లైన్లోనే పెట్టేసింది. అంత ముందుగా అక్కర్లేదమ్మా, కొంచెం కిందికి దించు అన్నా.